‘ఇద్దరూ మంచివాళ్ళే’ అన్న రోజు

రిటైరై మూడేళ్ళు దాటినా నా దగ్గరికి పిల్లలు వస్తూనే ఉంటారు. జగిత్యాలలో నేను అద్దెకుంటున్న పై పోర్షన్ మెట్లెక్కి, గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, "మేడం, పీహెచ్‌డీ సీటు ఎట్ల దొరుకుతది?" అని అడుగుతారు. ఎమ్మెస్సీ ఫిజిక్స్ వాళ్ళు, కెమిస్ట్రీ వాళ్ళు, ఈ మధ్య ఇంజనీరింగ్ చదివినవాళ్ళు కూడా వస్తున్నారు. నాకు పీహెచ్‌డీ లేదు. తాను దూర సందు లేదు, మెడకో డోలు అన్నట్టుంటుంది నా వ్యవహారం. సిరిసిల్లలో, కోరుట్లలో ప్రభుత్వ డిగ్రీ కాలేజీల్లో ముప్ఫై ఏళ్ళు ఫిజిక్స్ చెప్పాను. నా దగ్గర చదివినవాళ్ళలో ఐదుగురు సైన్సులో డాక్టరేట్ చేశారు. ఆ ఐదుగురి పుణ్యమా అని నాకీ పేరు వచ్చింది. నేను వాళ్ళ గురించి రాయడం లేదు. ఆరో మనిషి ఒకామె ఉంది. ఆమెకు సీటు రాలేదు. రాకపోవడంలో నా చెయ్యి ఉంది.

ముందు నా గురించి రెండు మాటలు చెప్పాలి, లేకపోతే నేను చేసిన పని మీకు అర్థం కాదు. మాది బీర్పూర్. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదో అడిగినవాళ్ళందరికీ తలా ఒక కారణం చెప్పాను, ఇప్పుడు ఏది నిజమో నాకే గుర్తు లేదు. నోరు మంచిది కాదని పేరు. ప్రాక్టికల్ పరీక్షల్లో పక్కవాళ్ళది చూసి రాసేవాళ్ళను లేపి బయటికి పంపేదాన్ని. పోనీలెండి మేడం అని అడ్డమొచ్చిన సార్లను కూడా మొహం మీదే నాలుగు మాటలు అనేదాన్ని. ముక్కుసూటి మనిషి అని నా ముందర అనేవాళ్ళు. వెనకాల ఏమనేవాళ్ళో అటెండర్ చెబుతుండేవాడు. ఏ స్టాఫ్‌రూములోనైనా నా పక్క కుర్చీ ఖాళీగానే ఉండేది.

ఇంట్లో ఎవరూ లేకపోవడం ఒక ఒంటరితనం. చదువులో ఎవరూ లేకపోవడం ఇంకొకటి. దాని గురించి ఎవరూ చెప్పరు. చిన్న ఊళ్ళ కాలేజీల్లో ఫిజిక్స్ డిపార్ట్‌మెంట్ అంటే ఒక మనిషి, ఒక బీరువా. హెడ్డును నేనే, ఆ హెడ్డు కింద పనిచేసేదాన్నీ నేనే. ఏదైనా కొత్త సంగతి చదివి, అర్థమైన సంతోషం ఎవరితోనైనా పంచుకుందామంటే మనిషి దొరకడు. టమాటా ధర గురించి మాట్లాడొచ్చు, డీఏ గురించి గంట మాట్లాడొచ్చు. కాంతి గురించి మాట్లాడాలంటే మాత్రం గోడకే చెప్పుకోవాలి. నేను చాలా ఏళ్ళు గోడకే చెప్పుకున్నాను.

ఆ అమ్మాయి సిరిసిల్ల కాలేజీలో నా చివరి సంవత్సరాల్లో చేరింది. దగ్గర్లోని ఒక ఊరి నుంచి రోజూ ఆటోలో వచ్చేది. తండ్రి ఒకరి కార్ఖానాలో మరమగ్గాలు నడిపేవాడు. తల్లి బీడీలు చేసేది. మూడో బెంచీలో కూర్చునేది, అడిగితే తప్ప మాట్లాడేది కాదు. మొదటి ఏడు ల్యాబులో లోలకం ప్రయోగం ఒకటి ఉంటుంది. దారానికి గుండు కట్టి ఊపి, ఇరవై ఊపులకు ఎంతసేపు పట్టిందో చూసి, దాన్నుంచి భూమ్యాకర్షణ విలువ లెక్కగట్టాలి. జవాబు సెంటీమీటర్లలో తొమ్మిది వందల ఎనభైకి దగ్గరగా రావాలని అందరికీ ముందే తెలుసు. అందుకని పిల్లలు జవాబు ముందు వేసుకుని, వెనక్కి లెక్క చేసుకుంటూ వచ్చి రీడింగులు రాస్తారు. ఏ కాలేజీలోనైనా జరిగేదే ఇది.

ఆ రోజు అందరికీ తొమ్మిది వందల ఎనభై చుట్టుపక్కల వచ్చింది. ఈమెకు తొమ్మిది వందల ముప్ఫై మూడు వచ్చింది. మళ్ళీ చెయ్యమన్నాను. మళ్ళీ అంతే. పక్కపిల్ల రికార్డు చూసి వేసుకోమని అటెండర్ జాలిపడి సలహా కూడా ఇచ్చాడు. వేసుకోలేదు. మర్నాడు మధ్యాహ్నం నా బల్ల దగ్గరికి వచ్చి, తన ఫోను, ల్యాబు స్టాప్‌వాచీ పక్కపక్కన పెట్టింది. "మేడం, గీ వాచ్ తప్పు నడుస్తున్నది. పది నిమిషాలకు పదిహేను సెకన్లు ముందుకు పోతున్నది," అంది. కాగితం మీద లెక్క వేసి చూశాను. ఆ తేడా తీసేస్తే జవాబు సరిగ్గా వచ్చి కూర్చుంది. ఆ వాచీ నేను ఆ కాలేజీకి రాకముందు నుంచీ ఉంది. దాంతో తొమ్మిది వందల ఎనభై తెచ్చిన పిల్లలందరూ, చూసి మార్కులు వేసిన నేను, అన్నేళ్ళుగా కలిసి అబద్ధమాడుతున్నామన్నమాట. నాకు సిగ్గు వెయ్యాలి గానీ సంతోషమేసింది. ఆ సాయంత్రం ఇద్దరం గంటసేపు ఆ వాచీ గురించి మాట్లాడుకున్నాం. అంతసేపు ఒక మనిషితో నేను ఫిజిక్స్ మాట్లాడి ఎన్నేళ్ళయిందో.

ఆమె డిగ్రీ అయి ఎమ్మెస్సీకి వెళ్ళింది. నాకు కోరుట్లకు బదిలీ అయింది. జగిత్యాలలో ఇల్లు తీసుకుని రోజూ బస్సులో కోరుట్ల వెళ్ళి వచ్చేదాన్ని. నాలుగేళ్ళ తర్వాత ప్రాక్టికల్ పరీక్షలకు ఎగ్జామినర్‌గా సిరిసిల్ల వెళ్ళాను. తిరుగు బస్సు కోసం నిలబడి ఉంటే ఆమె వచ్చి పలకరించింది. జాతీయ స్థాయి ఫెలోషిప్ పరీక్ష రెండోసారికి పాసయ్యానని, లెటర్ వచ్చి ఏడాది దాటిందని చెప్పింది. నా దగ్గర చదివినవాళ్ళలో ఆ పరీక్ష పాసైనవాళ్ళు అప్పటికి ఇద్దరో ముగ్గురో. సంతోషం పట్టలేక, ఎక్కడ చేరావని అడిగాను.

"యాడ చేరలే మేడం. ఇంక కౌన్సెలింగ్‌కు పిలుస్తలేరు," అంది.

నాకు కాసేపు అర్థం కాలేదు. అర్థమయ్యాక ఆమెను బస్టాండ్ బెంచీ మీద నా పక్కన కూర్చోబెట్టుకున్నాను. ఎంసెట్ రాస్తే ర్యాంకు వస్తుంది, కౌన్సెలింగ్‌కు పిలుస్తారు, సీటిస్తారు. బీఎడ్‌కు అంతే, ఎమ్మెస్సీకి అంతే. మా పిల్లలకు తెలిసిన లోకం అది. దీనికి కూడా అలాగే సీటు కేటాయిస్తూ ఉత్తరం వస్తుందని ఆమె పద్నాలుగు నెలలు పోస్ట్‌మాన్ కోసం ఎదురుచూసింది. మీలో నవ్వుకునేవాళ్ళుంటే నవ్వుకోండి. నా మెట్లెక్కి వచ్చేవాళ్ళలో సగం మందికి ఇప్పటికీ ఈ సంగతి తెలియదు.

ఫెలోషిప్ అంటే జీతం మాత్రమే, సీటు కాదు. సీటు ఒక గైడు దగ్గర ఉంటుంది. ఆయన దగ్గర ఖాళీ ఉందో లేదో మనమే కనుక్కోవాలి, ఆయన ఏం పని చేస్తున్నాడో చదవాలి, ఉత్తరం రాయాలి, పిలిస్తే ఇంటర్వ్యూకు వెళ్ళాలి. ఆ ఫెలోషిప్ లెటర్‌కు అప్పుడు రెండేళ్ళ గడువు ఉండేది. ఆలోపు ఎక్కడా చేరకపోతే అది చిత్తు కాగితంతో సమానం. పద్నాలుగు నెలలు పోగా ఆమెకు పది నెలలు మిగిలాయి.

ఆ పది నెలల్లో మొదటి ఆరు నెలలు నా జీవితంలో మంచి రోజులు. ప్రతి ఆదివారం ఆమె బస్సెక్కి జగిత్యాల వచ్చేది. ఇద్దరం కలిసి వండుకునేవాళ్ళం. తిన్నాక నా పాత ల్యాప్‌టాప్ తెరిచి, దేశంలో ఎవరెవరు ఏమేం పని చేస్తున్నారో వెతికేవాళ్ళం. ఆమె మొదట రాసిన ఉత్తరం ‘రెస్పెక్టెడ్ సర్’ అని మొదలై, అందరికీ ఒకేలా ఉండేది. ఇట్ల రాస్తే ఎవరూ చదవరు, ఆయన రాసిన పేపర్ ఒకటి చదివి, అందులో నీకు అర్థంకానిది అడుగు అని చెప్పాను. చెప్పేవాళ్ళకేం, ఎన్నైనా చెబుతారు. ఆమె నిజంగానే చదివేది. అడగందే అమ్మయినా అన్నం పెట్టదని నేను తోస్తూ ఉంటే నలభై ఒక్కమందికి రాసింది. నలుగురు జవాబిచ్చారు. నలుగురూ ఖాళీ లేదన్నారు.

ఇంకా నాలుగు నెలలున్నాయనగా ఒక ప్రకటన కనబడింది. హైదరాబాద్‌లో ఒక పెద్ద పరిశోధన సంస్థ, పలుచటి పొరల మీద కాంతి ఎలా నడుచుకుంటుందో చూసే పని, ఒకే ఒక్క ఖాళీ. సొంత ఫెలోషిప్ ఉన్నవాళ్ళకే మొదటి అవకాశం. చదువు చెప్పిన ఇద్దరు టీచర్ల సిఫారసు ఉత్తరాలు నేరుగా ఆ ప్రొఫెసర్‌కు పంపాలి. ఆ పని ఆ అమ్మాయి కోసమే పెట్టినట్టుంది. నాకు ఎవరికైనా చెప్పుకోవాలనిపించింది. సోమవారం కాలేజీకి వెళ్ళి, మధ్యాహ్నం అన్నం దగ్గర కెమిస్ట్రీ సార్‌కు చెప్పాను.

ఈ కెమిస్ట్రీ సార్ గురించి చెప్పాలి. కోరుట్ల కాలేజీలో నాతో కూర్చుని అన్నం తిన్న మనిషి ఆయనొక్కడే. నేను చేరిన మొదటి వారమే, "ఒక్కరే ఏం తింటరు మేడం, గీడికి రాండ్రి," అని బల్ల మీద జాగా చేశాడు. నా నోటికి జడవలేదు. నేనేమన్నా నవ్వేవాడు. సర్వపిండి తెస్తే సగం విరిచి నా డబ్బా మూతలో పెట్టేవాడు. వాళ్ళింట్లో పచ్చిపులుసు చేసిన రోజున సీసాలో పోసి నా వాటా వేరే తెచ్చేవాడు. మధ్యాహ్నం ఆ అరగంట కోసం పొద్దున్నుంచీ చూసేదాన్నంటే నమ్మండి. ఆయన మేనల్లుడు కూడా నా దగ్గరే రెండేళ్ళు ఫిజిక్స్ చదివాడు. పాత దొరల కుటుంబం, ఇప్పుడు ఎరువుల దుకాణం. పిల్లవాడు శ్రద్ధగలవాడు, మర్యాదస్తుడు, రికార్డు ముత్యాల్లా రాసేవాడు. అతను కూడా ఆ ఏడే ఫెలోషిప్ పాసయ్యాడు. నేను చెప్పిన ప్రకటన చూసి అతనూ దరఖాస్తు పెట్టాడు. అందులో తప్పేమీ లేదు, ప్రకటన అందరిదీ.

ఇక ఉత్తరాల సంగతి. మా కాలేజీల్లో సిఫారసు ఉత్తరం ఎవరూ రాయరు. పిల్లలే టైపు చేయించుకుని వస్తారు, మేము సంతకం పెడతాం. కెమిస్ట్రీ సార్ పెన్‌డ్రైవ్‌లో ఒక తయారు ఉత్తరం ఉండేది. పేరు మార్చి, అబ్బాయా అమ్మాయా అన్నది మార్చి, ప్రింటు తీసుకోవడమే. ‘నా సుదీర్ఘ సర్వీసులో ఇంతటి ప్రతిభ గల విద్యార్థిని ఇంకెవరినీ చూడలేదు’ అని ఇంగ్లీషులో గంభీరంగా ఉండేది. ఆ వాక్యం చూసి నేనెన్నోసార్లు ఎగతాళి చేశాను. మీ సర్వీసులో ఇంతమందిని ఎట్ల చూడలేదు సార్ అని ఏడిపించేదాన్ని. కానీ నా వంతు వచ్చేసరికి ఆ పెన్‌డ్రైవే అడిగాను. నాకు ఇంగ్లీషు అంటే భయం. ఫిజిక్స్ పుస్తకం చదవగలను, సమీకరణాల మధ్య నాలుగు మాటలు రాయగలను. పెద్ద సంస్థలో ప్రొఫెసర్‌కు సొంతంగా రెండు పేరాలు రాయమంటే మాత్రం చెయ్యి ఆడదు. నా తప్పులు చూసి ఆయన నవ్వితే, ఆ నవ్వు అమ్మాయి మీద పడుతుందనుకున్నాను. లోలకం దగ్గర జవాబు ముందు వేసుకున్న పిల్లలను కోప్పడ్డ మనిషిని, నేనూ అదే చేశాను.

నాలుగు రోజుల తర్వాత కెమిస్ట్రీ సార్ మేనల్లుడి ఉత్తరం తెచ్చి నా డబ్బా పక్కన పెట్టాడు. అదే ఉత్తరం, అదే వాక్యం. పెన్ను తీస్తున్నప్పుడు రెండూ ఒకే మనిషికి పోతాయని తట్టిందా లేదా అని మీరడగొచ్చు. తట్టింది. మంచి ముచ్చట చెప్పుకుంటూ తింటున్నాం, ఇప్పుడు పెట్టనంటే ఏం బాగుంటుంది అనుకుని సంతకం పెట్టాను. రెండూ నా మెయిల్ నుంచే పంపాను.

ఇద్దరినీ ఇంటర్వ్యూకు పిలిచారు. వెళ్ళి వచ్చారు. అది జరిగిన మూడో రోజు, స్టాఫ్‌రూములో అన్నం డబ్బాలు తెరిచి కూర్చున్నప్పుడు నా ఫోను మోగింది. ఆ ప్రొఫెసరే చేశాడు. మెత్తగా మాట్లాడే మనిషి. ఆయన అన్న మాటలు నాకు ఇప్పటికీ వరసగా గుర్తున్నాయి.

"అమ్మా, మీ ఉత్తరాలు రెండూ నా ముందున్నాయి. ఇద్దరి గురించీ మీరు ఒకే మాట రాశారు. ఇద్దరూ మీ సర్వీసులో అందరికన్నా గొప్పవాళ్ళు కాలేరు కదా. నా దగ్గరున్నది ఒక్క సీటు. అబ్బాయి బాగా మాట్లాడాడు. అమ్మాయి చాలాసేపు ఆలోచించి, కొన్నిటికి తెలియదని చెప్పింది. ఆమెలో ఏదో ఉందనిపిస్తోంది, కానీ నాకు పట్టు దొరకడం లేదు. మీరు ఇద్దరికీ చదువు చెప్పారు. ఎవరిని తీసుకోమంటారు?"

నాకు ఎదురుగా కెమిస్ట్రీ సార్ కూర్చుని ఉన్నాడు. అప్పుడే సర్వపిండి విరిచి, నా సగం మూతలో పెట్టి, ఇటు తోశాడు. ఫోన్లో మాటలు ఆయనకు వినబడవు గానీ నా మాటలు వినబడతాయి. వరండా నాలుగడుగుల దూరంలో ఉంది. లేచి బయటికి వెళ్ళి స్టాప్‌వాచీ సంగతి చెబితే రెండు నిమిషాల పని. లేస్తే ఎందుకు లేచానో ఆయనకు తెలిసిపోతుంది. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. రేపటి నుంచి ఆ బల్ల దగ్గర నేనొక్కదాన్నే కూర్చుని తినడం నాకు కళ్ళ ముందు కనబడింది. నేను దేనికీ భయపడనని అందరూ అనుకునేవాళ్ళు, నేనూ అలాగే అనుకునేదాన్ని. భయమేసింది.

"ఇద్దరూ మంచివాళ్ళే సార్. మీకు ఎవరు తగినవాళ్ళనిపిస్తే వాళ్ళను తీసుకోండి," అన్నాను.

ఆయన, "సరేనమ్మా. అయితే మీ ఉత్తరాలు రెండూ పక్కన పెట్టి చూసుకుంటాను," అని ఫోను పెట్టేశాడు.

ఎవరని కెమిస్ట్రీ సార్ అడిగాడు. హైదరాబాద్ నుంచి చేశారని, ఇద్దరూ మంచోళ్ళే అని చెప్పానని చెప్పాను. మంచి పని చేశారు మేడం అన్నాడాయన. నిజంగానే అన్నాడు, ఆయన మనసులో కల్మషం లేదు. నేను సర్వపిండి తిన్నాను. తినకుండా లేచి ఉంటే నా గురించి ఇప్పుడు కొంచెం మంచిగా అనుకునేదాన్నేమో.

పది రోజులకు ఫలితం వచ్చింది. అబ్బాయి పేరు ఉంది. అమ్మాయి ఫోన్ చేసి, నాది రాలేదు మేడం అంది, అంతే. పర్వాలేదు, ఇంకా వేరేవి ఉన్నాయని ధైర్యం చెప్పాను. ప్రొఫెసర్ నన్ను అడిగాడని, నేను ఏమన్నానో ఒక్క ముక్క చెప్పలేదు. ఆ ఆదివారం ఆమె రాలేదు. ఆ పై ఆదివారమూ రాలేదు. అమ్మకు బాగలేదని, బస్సు దొరకలేదని ఏదో ఒకటి చెప్పేది. ఇద్దరికని అలవాటుగా బియ్యం పోసేదాన్ని, సగం మర్నాటికి మిగిలేది.

అప్పుడు కూర్చున్నాను, డిక్షనరీ ముందు పెట్టుకుని. మూడు రోజులు పట్టింది. స్టాప్‌వాచీ గురించి, పక్కపిల్ల రికార్డు చూసి వేసుకోకపోవడం గురించి, తెలియనిది తెలియదని చెప్పే ఆమె అలవాటు గురించి రాశాను. మాట తక్కువని, ఇంగ్లీషు తడబడుతుందని కూడా రాశాను. నా ఇంగ్లీషులో తప్పులుంటే ఉండనీ అనుకున్నాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమేనని తెలిసీ, ఆ ఉత్తరాన్ని మొదట ఆ ప్రొఫెసర్‌కే పంపాను. మర్నాడే జవాబు వచ్చింది. అబ్బాయి చేరాడని, మంచి విద్యార్థేనని, తనకు ఏ ఫిర్యాదూ లేదని రాశాడు. చివర ఒక వాక్యం ఉంది. ‘ఈ గడియారం సంగతి ఆ రోజు ఫోన్లో చెప్పి ఉంటే నేను ఇంకేమీ అడిగేవాణ్ణి కాదు.’ ఆ వాక్యాన్ని నేను ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు.

ఆ ఉత్తరాన్నే, కింద ఆమె ఫోన్ నంబరు వేసి, ఇంకో ఏడు చోట్లకు పంపాను. ఒక్కచోటి నుంచీ నాకు జవాబు రాలేదు. నెలలు గడిచాయి, గడువు అయిపోయింది. ఆమె సిరిసిల్లలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో చేరిందని ఎవరో చెప్పారు. ఆమె చెప్పలేదు.

నేను ఏ బల్ల కోసం ఇదంతా చేశానో, ఆ బల్ల ఎనిమిది నెలలు కూడా నిలవలేదు. కెమిస్ట్రీ సార్‌కు వాళ్ళ ఊరికి దగ్గర్లో బదిలీ వచ్చింది, సంతోషంగా వెళ్ళిపోయాడు. మళ్ళీ నా డబ్బా, నేను. నా రిటైర్మెంట్ ఫంక్షన్‌కు శాలువా పట్టుకుని వచ్చాడు. మాటల మధ్య మేనల్లుడి సంగతి వచ్చింది. డాక్టరేట్ అయి, ఒక కంపెనీ ల్యాబులో మంచి పనిలో ఉన్నాడట. నిజానికి గురుపూజా దినానికి నాకు తప్పకుండా ఫోన్ చేసే ఒకే ఒక్క శిష్యుడు అతను. సార్ నవ్వుతూ అన్నాడు.

"గప్పుడు మావోనికి ఇంకో కాడ గూడ సీటచ్చింది మేడం. గాడ చేరాల్నా, గీడ చేరాల్నా అని వారం రోజులు మమ్ముల సతాయించిండు."

నేను శాలువా కప్పుకుని నవ్వాను. ఇంకేం చెయ్యగలను? ఆ రోజు నేను అమ్మాయి పేరు చెప్పి ఉంటే ఎవరికీ ఏమీ పోయేది కాదు. ఆయన నాతో మాట్లాడటం మానేసేవాడు కూడా కాదు. నాలుగు రోజులు ముభావంగా ఉండి, ఐదో రోజు పచ్చిపులుసు తెచ్చేవాడు. మనుషులతో అలవాటు లేనిదాన్ని కాబట్టి, ఒక్క మాటకే మనిషి పోతాడనుకున్నాను.

ఆ ఫంక్షన్ నాటి నుంచీ ఆమెకు చెప్పేయాలని ఉంది. చెప్పడానికి మూడేళ్ళు పట్టింది. పోయిన చలికాలంలో ఒక రోజు పొద్దున్నే సిరిసిల్ల బస్సెక్కాను. ఆమె పనిచేసే కాలేజీ రోడ్డు మీదే ఉంది. వరండాలో రెండు కుర్చీలు వేయించింది. చాయ్ తెప్పించింది. మనిషి కొంచెం లావైంది, కళ్ళజోడు వచ్చింది. నేను వచ్చానన్న సంతోషం మొహంలో బాగా కనబడుతోంది, దాంతో చెప్పడం ఇంకా కష్టమైంది. అయినా చెప్పాను. పెన్‌డ్రైవు, రెండు సంతకాలు, ఫోను, నేను అన్న మాట, తిన్న సర్వపిండి, ఏదీ దాచలేదు. ఆమె వేళ్ళకంటిన చాక్‌పీసు పొడి చూసుకుంటూ విన్నది. తిడుతుందేమో అని చూశాను. తిడితే బాగుండు అని కూడా అనిపించింది.

"నేను ఇంటర్వ్యూల సరిగ చెప్పలేదనుకున్న మేడం," అంది. "ఇన్నేండ్లు గదే అనుకున్న. సార్ అడిగితే తెల్వదన్న గదా, గందుకే తీసుకోలే అనుకున్న. గా తర్వాత ఇంకిద్దరు పిలిచిండ్రు. ఒగలు పుణె, ఒగలు చెన్నై. పోలే. పోయి మల్ల గదే మాట అనిపించుకునుడెందుకని పోలే."

ఇద్దరు పిలిచారు. నేను పంపిన ఏడు ఉత్తరాల్లో పుణె ఒకటి, చెన్నై ఒకటి. ఆ ఉత్తరాలు పనిచేశాయన్నమాట. ఇన్నేళ్ళూ గడువు అయిపోయి సీటు పోయిందనుకున్నాను. గడువు లోపలే పిలుపులు వచ్చాయి, ఆమె వెళ్ళలేదు. తను పనికిరానని అనుకుంది కాబట్టి వెళ్ళలేదు. అది నిజం కాదని తెలిసిన మనిషిని లోకంలో నేనొక్కదాన్నే, నేను నోరు మూసుకుని కూర్చున్నాను.

కోపం రావడం లేదా అని అడిగాను.

"గా దినమే చెప్తే కోపమచ్చేది మేడం," అంది. "గా కోపంల పుణెకు పోతుంటినేమో."

నాకు కళ్ళనీళ్ళు వచ్చాయి. ఆమె చూసి చూడనట్టు చాయ్ గ్లాసులు తీసి పక్కన పెట్టింది. ఇప్పుడు చేయొచ్చు, ఫెలోషిప్ లేకపోయినా ఉద్యోగం చేస్తూ చేసేవాళ్ళున్నారు, నేను ఉత్తరం రాస్తాను అని ఏదేదో అన్నాను. చూద్దాం మేడం అంది. ఆ ‘చూద్దాం’ నాకు తెలిసిన చూద్దామే.

క్లాసుకు టైమైంది. నన్ను గేటు దాకా సాగనంపడానికి వచ్చింది. నడుస్తూ, ఈ సంగతి ఎక్కడైనా రాయాలనుకుంటున్నానని, సీట్లు వెతుక్కునే పిల్లలకూ, సంతకాలు పెట్టే మాలాంటివాళ్ళకూ తెలిస్తే మంచిదని చెప్పాను. నీకిష్టం లేకపోతే రాయనన్నాను. ఆమె గేటు దగ్గర ఆగింది.

"రాయుండ్రి మేడం. పేర్లు మాత్రం పెట్టకుండ్రి, మా ఊరిది గూడ. సీటచ్చింది గని నేనే వద్దన్న అని ఇంట్ల చెప్పిన. బాపు ఇయ్యాల్టి దాక కార్ఖానల అందరికి గదే చెప్పుకుంటడు."